స్నో పీస్: తక్కువ కార్బ్ భోజనానికి ఎంచుకోవడం, బాగుచేయడం, వండటం

స్నో పీస్ అంటే గింజ కోసం కాక తొక్క కోసం తినే బఠాణీ. మామూలు బఠాణీ కాయను చీల్చి చూస్తే తొక్క లోపలివైపు పలుచగా, గట్టిగా, కాగితంలాంటి పొర ఒకటి ఉంటుంది. ఎంత ఉడికించినా అది నలగదు. అందుకే గింజలు ఒలుచుకుని తొక్క పారేస్తాం. స్నో పీస్‌లో ఆ పొర ఏర్పడదు. పైగా గింజలు మిరియాలంత కూడా ఎదగకముందే, కాయ బల్లపరుపుగా ఉండగానే కోసేస్తారు. ఫ్రెంచి భాషలో దీన్ని ‘మాంజ్‌తూ’ అంటారు. ‘మొత్తం తినేది’ అని అర్థం.

తక్కువ కార్బ్ (కార్బోహైడ్రేట్లు తక్కువగా ఉండే) తిండికి ఇది పనికొచ్చేది కూడా సరిగ్గా ఆ లేతదనం వల్లే. బఠాణీ మొక్క తన పిండిని దాచుకునేది గింజలో. గింజ ఉబ్బేకొద్దీ పిండి పెరుగుతుంది, తొక్క నారగా మారుతుంది. అంటే రుచి పోయేదీ, లెక్క తప్పేదీ ఒకే చోట. ఇక లెక్క తప్పే రెండో చోటు బాణలి. అందులో పోసే సాస్‌లో చక్కెర, మొక్కజొన్న పిండి చేరితే కాయ ఎంత లేతదైనా ఫలితం ఉండదు. కాబట్టి ఎంచుకునేటప్పుడూ, సాస్ కలిపేటప్పుడూ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మధ్యలో ఉన్న వంటంతా రెండు నిమిషాల పని. కానీ ఆ రెండు నిమిషాల్లో చెడగొట్టుకోవడం చాలా తేలిక.

ముందు లెక్క

పచ్చి స్నో పీస్ 100 గ్రాముల్లో మొత్తం కార్బోహైడ్రేట్లు సుమారు 7.5 గ్రాములు. అందులో పీచు 2.6 గ్రాములు. పీచు జీర్ణమై రక్తంలో చక్కెరగా మారదు కాబట్టి దాన్ని తీసేస్తే మిగిలేది దాదాపు 5 గ్రాములు. నెట్ కార్బ్స్ అనేది దీన్నే. ఒలిచిన పచ్చి బఠాణీ గింజలు అదే 100 గ్రాములు తీసుకుంటే మొత్తం 14.5 గ్రాములు, పీచు 5.7 పోగా దాదాపు 9. ఒకే మొక్క, ఇంచుమించు రెట్టింపు తేడా. స్నో పీస్‌లో ఉండే 5 గ్రాముల్లోనూ 4 గ్రాములు సహజమైన చక్కెరే. నోటికి తియ్యగా తగులుతుంది కదా అని కంగారు పడనక్కర్లేదు, ఆ తీపి ఈ లెక్కలోనే ఉంది. 100 గ్రాములకు 42 కేలరీలు, 2.8 గ్రాముల ప్రొటీన్, సుమారు 60 మిల్లీగ్రాముల సి విటమిన్ కూడా దక్కుతాయి.

రోజుకు 20 నుంచి 50 గ్రాముల కార్బ్స్‌కు కట్టుబడే కీటో పద్ధతిలో ఉన్నవాళ్లకు ఒక పూటకు 80 నుంచి 100 గ్రాములు సరిపోతుంది. పాలకూర, దోసకాయ లాగా ఎంతైనా తినొచ్చు అనుకునే రకం కాదిది. 300 గ్రాములు తింటే 15 గ్రాములు అయిపోతాయి, 20 గ్రాముల హద్దు పెట్టుకున్నవాళ్లకు అది రోజులో ముప్పాతిక భాగం. రోజుకు 130 గ్రాముల లోపు అనే సడలించిన పద్ధతిలో ఉంటే మాత్రం కాయల్ని లెక్కపెట్టుకోనక్కర్లేదు, సాస్‌ను చూసుకుంటే చాలు.

కొలత ఎప్పుడూ తూకంతోనే వేయండి. కాయ అంచుల వెంట ఉండే నారలు, అంటే ఈనెలు తీశాక, వండకముందు తూచాలి. వండాక నీరు పోయో, నీరు పట్టో బరువు మారుతుంది. తూకం అందుబాటులో లేకపోతే ఒక గుర్తు: మామూలు సైజు కాయలు పది కలిపి సుమారు 34 గ్రాములు, అంటే నెట్ కార్బ్స్ 1.7 గ్రాములు. కప్పు కొలతను నమ్మకండి. కాయలు నిండుగా వేస్తే కప్పుకు 63 గ్రాములే పడతాయి, తరిగి వేస్తే అదే కప్పులో 98 గ్రాములు పడతాయి.

ప్యాకెట్‌లో వచ్చే ఫ్రోజెన్ స్నో పీస్ కొనేవాళ్లు లేబుల్ చదివేటప్పుడు ఒక విషయం గమనించాలి. అమెరికా పద్ధతి లేబుల్‌లో మొత్తం కార్బోహైడ్రేట్లలోనే పీచు కలిసి ఉంటుంది, దాన్ని మనం తీసేయాలి. యూరప్ పద్ధతి లేబుల్‌లో పీచును ముందే విడిగా చూపిస్తారు. అక్కడ కార్బోహైడ్రేట్ అని రాసిందే నెట్. దాంట్లోంచి పీచును మళ్లీ తీసేస్తే లెక్క ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. చాలామంది తెలియకుండా చేసే పొరపాటు ఇది.

ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు కార్బ్స్ ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు గురించి ముందు డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు, ఆ మందు పనిని తగ్గించే కె విటమిన్ ఈ కాయల్లో ఉందని గుర్తుంచుకోవాలి. 100 గ్రాములకు 25 మైక్రోగ్రాములంటే మరీ ఎక్కువేమీ కాదు, కానీ ఒక వారం రోజూ తిని మరో వారం పూర్తిగా మానేయడం మంచిది కాదు.

కాయ ఎంచుకోవడం

కాయను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మంచి కాయలో గింజలు చిన్న చిన్న నీడల్లా, ఒకదానికొకటి ఎడంగా కనిపిస్తాయి. పైన చేత్తో నిమిరితే గింజ తగిలీ తగలనట్టు ఉండాలి. గింజలు బుడిపెల్లా పొడుచుకొచ్చి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటే అది ముదిరిన కాయ. దానికి ఎంత మంచి వంట చేసినా ప్రయోజనం లేదు. అలాంటివి సంచిలో నాలుగైదు కలిసి వస్తే వాటిని వేరుచేసి, గింజలు ఒలుచుకుని బఠాణీ లెక్కలో వాడుకోండి.

రంగు అంతటా ఒకేలా, లేత ఆకుపచ్చగా ఉండాలి. ముచ్చిక కూడా పచ్చగా ఉండాలి. అది ఎండి గోధుమరంగుకు తిరిగితే కాయ కోసి చాలా రోజులైనట్టే. మధ్యకు వంచితే పుటుక్కున విరగాలి. తోటకూర కాడలా వేలాడితే వదిలేయండి. పిడికెడు కాయల్ని కలిపి రుద్దితే తాజావి కీచుమని చప్పుడు చేస్తాయి, వాడినవి చేయవు. చేతిలో తేలే గుర్తుల్లో ఇదే అన్నిటికన్నా నమ్మకమైనది.

పక్కనే షుగర్ స్నాప్ పీస్ ఉంటే పొరబడే అవకాశం ఉంది. అవి గుండ్రంగా, తొక్క మందంగా, లోపల నిండు గింజలతో ఉంటాయి. అవి కూడా తొక్కతోనే తింటారు. కాల్విన్ లాంబోర్న్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మందపు తొక్క ఉన్న బఠాణీని స్నో పీతో సంకరపరిచి తయారుచేసిన రకం అది. 1979లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ బంగారు పతకం గెలిచాక ప్రపంచమంతా పాకింది. అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికలో రెండూ ‘తొక్కతో తినే బఠాణీ’ అనే ఒకే పద్దు కింద ఉన్నాయి కాబట్టి కాగితం మీద లెక్క ఒకటే. నోటికి మాత్రం స్నాప్ తియ్యగా ఉంటుంది. కార్బ్స్ గట్టిగా పట్టుకునేవాళ్లు బల్లపరుపు కాయకే కట్టుబడటం మేలు.

పెరట్లో పెంచుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. పూల కోసం పెంచే స్వీట్ పీ మొక్క వేరు, దాని కాయలు విషం. పేరు, తీగ, పువ్వు దగ్గరగా ఉన్నంత మాత్రాన దాని కాయ కోసి తినకూడదు.

ఇంట్లో దాచడం

కోసిన తర్వాత కూడా కాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. దానిలోని చక్కెర కొంత ఖర్చవుతుంది, కొంత పిండిగా మారుతుంది. చల్లదనం ఆ పనిని మందగింపజేస్తుంది. అందుకే తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, వంటగది గట్టు మీద సాయంత్రం దాకా ఉంచకూడదు.

కడగకుండా, ఈనెలు తీయకుండా, చిన్న చిల్లులున్న సంచిలో ఒక పొడి పేపర్ నాప్కిన్‌తో పాటు వేసి కూరగాయల అరలో ఉంచండి. తడితో పెడితే మూడో రోజుకు జిగురు పడుతుంది. ఆపిల్, అరటి పళ్ల దగ్గర పెట్టకండి. అవి వదిలే ఇథిలీన్ వాయువుకు ఈ కాయలు త్వరగా పసుపు తిరుగుతాయి. మూడు నాలుగు రోజుల్లో వండేయడం మంచిది. కొద్దిగా మెత్తబడ్డ కాయల్ని ఐసు నీళ్లలో 15 నుంచి 20 నిమిషాలు ఉంచితే నీరు పీల్చుకుని బిగుసుకుంటాయి. కరకర తిరిగొస్తుంది గానీ, పోయిన తీపి తిరిగి రాదు.

ఈనె తీయడం

స్నో పీస్ తిని ‘నాకు నచ్చలేదు’ అన్నవాళ్లలో ఎక్కువమంది తిన్నది ఈనె తీయని కాయలే అయి ఉంటాయి. ఈనె ఉడకదు, నలగదు, పళ్ల మధ్య దారంలా చిక్కుకుంటుంది. ఈ పనికి 200 గ్రాములకు ఐదారు నిమిషాలు పడుతుంది. అంతా కలిపి వంటకన్నా ఎక్కువ సమయం దీనికే, తప్పదు.

కాయలు ముందు చల్లటి నీళ్లలో కడిగి చిల్లుల గిన్నెలో వేయండి. ఇప్పుడు ఒక కాయను చీల్చి చూస్తే గింజలన్నీ ఒకే అంచుకు వేలాడుతూ కనిపిస్తాయి. ముఖ్యమైన ఈనె ఆ అంచు వెంటే ఉంటుంది. రెండో అంచున కూడా ఒకటి ఉంటుంది, లేత కాయలో అది తెలియనంత సన్నం.

మరో కాయను ఎడమచేతిలో అడ్డంగా పట్టుకోండి. ముచ్చిక కొసను కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య బిగించి, గింజలున్న అంచువైపుకు వంచండి. ఎదుటి అంచు విరుగుతుంది, గింజలున్న అంచు మాత్రం తెగకుండా అతుక్కుని ఉంటుంది. అలా అతుక్కున్న దగ్గర పట్టుకుని కాయ పొడవునా నెమ్మదిగా, కాయకు ఆనించినట్టు లాగండి. పలచని పచ్చదారం చివరిదాకా ఊడి వస్తుంది. పైకి ఎత్తి లాగితే మధ్యలో తెగిపోతుంది. తెగితే అవతలి కొసను గిల్లి అటునుంచి ఇటు లాగండి. కాస్త ముదిరిన కాయ అయితే రెండో అంచుకూ ఇలాగే చేయాలి.

కత్తితో రెండు కొసలూ కచకచా నరికేస్తే పని త్వరగా అవుతుందనిపిస్తుంది. కొసలు పోతాయి గానీ ఈనె లోపలే ఉండిపోతుంది, పైగా పట్టుకుని లాగడానికి కొస ఉండదు. కత్తి వాడక తప్పదనుకుంటే చివర కొద్దిగా గాటు పెట్టి, తెగకుండా కత్తి అంచుతోనే ఈనెను పట్టి లాగండి.

పూర్తయ్యాక పొడిగుడ్డ మీద పరిచి తుడవండి. తడి పూర్తిగా పోవాలి. కారణం బాణలి దగ్గర తెలుస్తుంది. వేపుడుకు కాయలు నిండుగానే ఉంచండి. సలాడ్‌కు, సూప్‌కు ఏటవాలుగా అర సెంటీమీటరు ముక్కలుగా తరగండి. ఏటవాలు కోతలో లోపలి భాగం ఎక్కువ బయటపడి మసాలా పడుతుంది.

కళపెళ కాగే నీళ్లలో ఒక నిమిషం

సలాడ్‌కైనా, ముందుగా సిద్ధం చేసుకుని తర్వాత వేడిచేసుకునే వంటకానికైనా బ్లాంచింగ్, అంటే మరిగే నీళ్లలో కొద్దిసేపు ఉంచి వెంటనే చల్లార్చడం, మంచి పద్ధతి.

రెండు లీటర్ల నీళ్లకు 20 గ్రాముల ఉప్పు వేసి పెద్ద గిన్నెలో మరిగించండి. పక్కనే మరో గిన్నెలో ఐసు నీళ్లు ముందే పెట్టుకోవాలి. కాయలు ఉడికాక ఐసు కోసం వెతికితే ఆలస్యమైనట్టే. నీళ్లు కళపెళ మరుగుతున్నప్పుడు 250 గ్రాములకు మించకుండా కాయలు వేయండి. నీళ్లు తక్కువైనా, కాయలు ఎక్కువైనా మరుగు ఆగిపోతుంది. మళ్లీ మరిగేదాకా కాయలు గోరువెచ్చగా నానుతూ మెత్తబడతాయి.

వేసిన 20 సెకన్లలోపే గమనించండి, ఆకుపచ్చ ఒక్కసారిగా మెరుస్తుంది. పచ్చి కాయ కణాల మధ్య చిన్న చిన్న గాలి ఖాళీలు ఉంటాయి, వెలుతురు వాటిలో చెదిరి రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. వేడికి ఆ గాలి బయటికి పోవడంతో అసలు రంగు తేటగా బయటపడుతుంది. అంటే మెరుపు వచ్చిందంటే వేడి లోపలికి చేరుతోందని అర్థం. సన్నవి 30 సెకన్లు, కొంచెం మందపువి 60 సెకన్లు. ఒకటి తీసి కొరికి చూడండి. పచ్చివాసన పోయి, కరకర మిగిలి ఉండాలి. వెంటనే ఐసు నీళ్లలో వేసి, ఒక నిమిషం చాలు, తీసేసి తుడవండి. ఎక్కువసేపు నానితే రుచి నీళ్ల పాలవుతుంది.

గిన్నె మీద మూత పెట్టకండి. కాయ ఉడికేటప్పుడు దానిలోని ఆమ్లాలు ఆవిరితో కొంత బయటికి పోతాయి. మూత వాటిని మళ్లీ నీళ్లలోకే దించుతుంది. పత్రహరితంలో ఉండే మెగ్నీషియాన్ని ఆమ్లం బయటికి లాగేస్తే రంగు పాచిపట్టిన ఆకుపచ్చగా మారుతుంది. నిమ్మరసం, వెనిగర్ ఎప్పుడూ వడ్డించే ముందే వేయాలనేది కూడా ఇందుకే. రంగు నిలవాలని వంటసోడా వేసేవాళ్లున్నారు. రంగు నిలుస్తుంది, నిజమే. కానీ సోడా తొక్క గోడల్ని కరిగించి కాయను జావలా చేస్తుంది, బి1 విటమిన్‌ను పోగొడుతుంది. వద్దు.

బాణలిలో వేపుడు, ఇద్దరికి

ఈ కాయకు అన్నిటికన్నా న్యాయం చేసే వంట ఇదే. కావలసినవి: ఈనె తీసి తుడిచిన స్నో పీస్ 200 గ్రాములు, ఘాటు వాసన లేని నూనె 1 టేబుల్ స్పూన్, వెల్లుల్లి రెబ్బలు 2, అల్లం 5 గ్రాముల ముక్క, సోయా సాస్ 1 టేబుల్ స్పూన్, నువ్వుల నూనె 1 టీస్పూన్, వేయించిన నువ్వులు 1 టీస్పూన్, వెనిగర్ లేదా నిమ్మరసం 1 టీస్పూన్.

1. అన్నీ కొలిచి, వెల్లుల్లిని పలుచగా చీల్చి, అల్లాన్ని సన్నగా తరిగి పొయ్యి పక్కన పెట్టుకోండి. మంట వెలిగించాక తరగడానికి సమయం ఉండదు.

2. వెడల్పు బాణలిని నూనె లేకుండా పెద్ద మంట మీద ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు వేడి చేయండి. ఒక నీటి చుక్క వేస్తే అది నిలవకుండా దొర్లిపోవాలి. నాన్‌స్టిక్ పెనాన్ని మాత్రం ఖాళీగా ఇంత వేడి చేయకూడదు. దానికి నూనె వేసి, మంట మధ్యస్థంగా ఉంచుకోవాలి. ఫలితం కొంచెం తగ్గుతుంది గానీ చెడదు.

3. నూనె వేసి తిప్పి, వెంటనే కాయలు ఒకే వరుసలో పరవండి. 20 సెకన్లు కదపకండి. అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు పడటానికి ఆ వ్యవధి కావాలి. వేపుడు రుచి ఆ మచ్చల్లోనే ఉంటుంది. కాయలు తడిగా ఉన్నా, ఒకదాని మీద ఒకటి కుక్కినా బాణలి చల్లబడి ఆవిరి పుడుతుంది, వేపుడు కాస్తా ఉడుకుడు అవుతుంది. చిటపట చప్పుడు ఆగి బుసబుస వినిపిస్తే అదే గుర్తు. అప్పుడు సగం కాయలు తీసి పక్కన పెట్టి, రెండు విడతలుగా వేయించుకోండి.

4. గరిటెతో కలుపుతూ మరో 40 సెకన్లు. ఇప్పుడు మధ్యలో చోటు చేసి వెల్లుల్లి, అల్లం వేయండి. మొదటే వేస్తే ఇంత వేడికి వెల్లుల్లి 15, 20 సెకన్లలో మాడి చేదెక్కుతుంది.

5. వాసన రాగానే సోయా సాస్ బాణలి అంచు చుట్టూ పోయండి, కాయల మీద కాదు. వేడి అంచుకు తగిలి అది చిక్కబడి కాయలకు పూతలా పడుతుంది. 15 సెకన్లు కలిపి మంట ఆపేయండి. కాయ వేసిన దగ్గర్నుంచి ఇక్కడికి మొత్తం ఒకటిన్నర, రెండు నిమిషాలు.

6. నువ్వుల నూనె, వెనిగర్, నువ్వులు చల్లి వెంటనే పళ్లెంలోకి తీయండి. బాణలిలోనే వదిలేస్తే ఆ వేడికే మరో నిమిషం ఉడికిపోతుంది.

ఉప్పు విడిగా వేయలేదు. ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, ఇద్దరికి అది చాలు. సోయా సాస్ వాడనివాళ్లు ఉప్పును చివర్లోనే వేయాలి. ముందే వేస్తే కాయలోని నీరు బయటికొచ్చి మళ్లీ అదే ఆవిరి తిప్పలు.

లెక్క చూద్దాం. కాయలు 10 గ్రాములు, వెల్లుల్లి 2, అల్లం, సోయా సాస్ చెరో 0.8, నువ్వులు అర గ్రాము లోపు. మొత్తం 14 నెట్ కార్బ్స్, ఒక్కొక్కరికి 7. ఇంకా తగ్గాలంటే స్నో పీస్ 100 గ్రాములకు తగ్గించి 150 గ్రాముల పుట్టగొడుగులు కలపండి. పుట్టగొడుగులకు 100 గ్రాములకు రెండుంపావు గ్రాములే. కాకపోతే వాటిని ముందు విడిగా, నీరంతా ఇగిరేదాకా వేయించి తీసి, కాయలు అయ్యాక కలపాలి. రెండూ కలిపి వేస్తే పుట్టగొడుగుల నీళ్లలో కాయలు ఉడుకుతాయి. రొయ్యలు, కోడిమాంసం ముక్కలు, టోఫు కలిపేటప్పుడూ ఇదే పద్ధతి: అవి ముందు విడిగా పూర్తిగా వేగాలి, చివరి 30 సెకన్లలో కాయలతో కలవాలి. కడుపు నిండే భోజనం కావాలంటే ఇవి తోడు ఉండాల్సిందే. ఒట్టి స్నో పీస్‌తో ఆకలి ఆగదు.

సాస్‌లో దాక్కునే కార్బ్స్

బయట తినే స్నో పీస్ వేపుడు నిగనిగలాడుతుందంటే దానికి కారణం చాలాసార్లు మొక్కజొన్న పిండి. ఒక టేబుల్ స్పూన్ పిండిలో 7 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, అంటే 140 గ్రాముల స్నో పీస్‌తో సమానం. టీస్పూన్ చక్కెర 4 గ్రాములు. టేబుల్ స్పూన్ తేనె 17 గ్రాములు, తేనె ఆరోగ్యకరమనే పేరు ఈ లెక్కను మార్చదు. ఆయిస్టర్ సాస్, టెరియాకి, హాయ్‌సిన్, తీపి చిల్లీ సాస్‌లలో చక్కెర సాధారణంగా ఉంటుంది. సీసా వెనక చదవకుండా వాడకండి. జీడిపప్పు 30 గ్రాములకు 8 గ్రాములకు పైనే. అలంకారానికి వేసే క్యారెట్, ఉల్లిపాయ 100 గ్రాములకు 7 నుంచి 8 నెట్, అంటే అవి స్నో పీస్‌ను మించినవి. కలపాలనుకుంటే పిడికెడు కాదు, చిటికెడు.

సాస్ చిక్కగా కావాలంటే శాంతన్ గమ్ అనే చిక్కబరిచే పొడి ఉంది. 200 గ్రాముల కాయలకు, పావు కప్పు ద్రవానికి టీస్పూన్‌లో ఎనిమిదో వంతు చాలు. నేరుగా నీళ్లలో చల్లితే చేప కళ్లలా ఉండలు కడుతుంది, ఇక విడదు. ముందు టీస్పూన్ నూనెలో కలిపి, ఆ నూనెను సాస్‌లో పోస్తూ కలిపితే ఉండలు రావు. ఎక్కువైతే సాస్ జిగటగా సాగుతుంది, దాన్ని సరిచేయడానికి ద్రవం పెంచడం తప్ప దారి లేదు. దానికన్నా తేలిక పద్ధతి వెన్న. మంట ఆపాక 15 గ్రాముల చల్లటి వెన్న ముక్కలు వేసి తిప్పితే కాయలకు నున్నటి పూత పడుతుంది, కార్బ్స్ లేనట్టే. వెన్న వేసిన రోజు సోయా సాస్ మానేసి నిమ్మ తొక్క తురుము, మిరియాల పొడి వేయండి.

మిగతా పద్ధతులు

ఆవిరి మీద రెండు, మూడు నిమిషాలు చాలు. విటమిన్లు నీళ్లలోకి పోవడం తగ్గుతుంది. సి విటమిన్ పచ్చి కాయలో 60 మిల్లీగ్రాములు ఉంటే నీళ్లలో ఉడికించాక 48 దాకా పడిపోతుంది. కానీ ఆవిరికి ఉప్పు పట్టదు, వేపుడు రుచీ రాదు. నూనె తగ్గించాల్సిన వాళ్లకు తప్ప దీన్ని సిఫారసు చేయలేం.

పచ్చిగా తినాలంటే ఐసు నీళ్లలో పది నిమిషాలు ఉంచి, తుడిచి, సన్నని ఏటవాలు చీలికలుగా తరిగి దోసకాయ, నువ్వుల నూనె, ఉప్పుతో కలపండి. లేత కాయ అయితేనే. సగం ముదిరినది పచ్చిగా తింటే పిప్పి మిగులుతుంది.

గుడ్డుతో బాగా కుదురుతుంది. 150 గ్రాముల కాయల్ని ఏటవాలుగా తరిగి వెన్నలో ఒక నిమిషం వేయించి, ఉప్పు వేసి గిలక్కొట్టిన మూడు గుడ్లు పోసి, సన్నసెగ మీద అంచుల నుంచి మధ్యకు నెడుతూ మెత్తగా గట్టిపడగానే దించండి. ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి 4 నుంచి నాలుగున్నర గ్రాములు. సూప్‌లో అయితే పొయ్యి ఆపే ముందు ఒక నిమిషం మాత్రమే ఉండాలి. మొదట్నుంచీ వేసి మరిగిస్తే రంగు పోయి తొక్క రెండు పొరలుగా విడిపోతుంది.

ఎక్కువ వస్తే, మిగిలితే

ఫ్రీజర్‌లో పెట్టాలంటే ముందు ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు బ్లాంచ్ చేయాలి. అలా చేయకపోతే గడ్డకట్టాక కూడా కాయలోని ఎంజైములు మెల్లగా పనిచేసి కొన్ని వారాల్లో ఎండుగడ్డి వాసన తెస్తాయి. ఐసు నీళ్లలో చల్లార్చి, తడి లేకుండా తుడిచి, పళ్లెంలో విడివిడిగా పరిచి గడ్డకట్టాక సంచిలోకి మార్చండి. తీసినప్పుడు కరగనివ్వకుండా నేరుగా వేడి బాణలిలోనో, మరిగే సూప్‌లోనో వేయాలి. గడ్డకట్టినప్పుడు మంచు కాయలోని కణాల గోడల్ని చీలుస్తుంది కాబట్టి కరకర ఇక ఉండదు. సలాడ్‌కు పనికిరావు, సూప్‌కు పరవాలేదు.

వండినవి మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చి, మర్నాటికల్లా తినేయండి. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే లోపలి నీరు ఆవిరై కాయ ముడుచుకుంటుంది. బాగా కాగిన పొడి పెనం మీద 30 సెకన్లు తిప్పితే చాలు. అసలు వేడి చేయకుండా, పైన కాస్త నిమ్మరసం పిండి చల్లగా తింటే ఇంకా బాగుంటాయి. అయితే రొయ్యలు, కోడిమాంసం కలిసి ఉన్న వేపుడు మాత్రం పొగలు వచ్చేదాకా వేడిచేసే తినాలి. కాయలు మెత్తబడినా అక్కడ సర్దుకోవాల్సిందే.